బడికి వచ్చే వైద్య బృందం, బడిలో మిగలని కాగితం: బాలల ఆరోగ్య పరీక్షలను పాఠశాల ఆరోగ్య సేవలతో కలిపేది ఎలా?

నల్లరేగడి మాస్టారు
జులై 4, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిని. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అంటే మనం ఆర్‌బీఎస్‌కే అని పిలిచే పథకం కింద ఏడాదికోసారి మా బడికి వైద్య బృందం వస్తుంది. పిల్లలను వరుసలో నిలబెట్టి ఎత్తు, బరువు చూస్తారు. కన్ను, పన్ను, చెవి, చర్మం పరీక్షిస్తారు. అవసరమైన వారి చేతికి రిఫరల్ చీటీ ఇచ్చి మరో బడికి బయలుదేరతారు. వారి పనిలో తప్పులు వెతకడానికి ఈ చర్చ మొదలుపెట్టలేదు. వారి జీపు గేటు దాటిన మరునాటి నుంచి ఏం జరుగుతోందన్నదే నా సందేహం.

గత నెలలో ఎనిమిదో తరగతి పిల్లవాడొకడి జామెట్రీ పెట్టెలో నాలుగు మడతలు పెట్టిన చీటీలు రెండు కనిపించాయి. రెండింటిలోనూ ఉన్నది ఒకే మాట: కుడి చెవిలో చీము, జిల్లా ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించాలి. రెండింటి తేదీలకూ మధ్య సరిగ్గా ఏడాది తేడా ఉంది. ఆ ఏడాదంతా వాడు చివరి బెంచీలో గోడ పక్కన కూర్చున్నాడు. మంచి చెవి ఎడమది, అది గోడవైపు ఉంది. చెప్పింది వినడు, ధ్యాస లేదు అని మా ఉపాధ్యాయులు నాకు ఫిర్యాదు చేశారు, నేనూ ఒకటి రెండుసార్లు వాడిని మందలించాను. ఆ చీటీల సంగతి బడిలో ఎవరికీ తెలియదు. మొదటిసారి ఇచ్చిన చీటీ ఇంట్లో చూపించావా అని అడిగితే, అమ్మకు ఇచ్చానని, పత్తి ఏరడం అయ్యాక పోదామని అన్నదని చెప్పాడు.

ఈ రెండు చీటీల నడుమ ఏడాదిలో ఎవరు ఏం చేసి ఉండవలసింది? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.


మందుల పెట్టె
జులై 4, రాత్రి 10:35

మాస్టారు గారూ, నేను అటువంటి బృందంలోనే పనిచేస్తున్న ఆయుష్ వైద్యురాలిని, మెదక్ వైపు. అటువంటి రెండో చీటీలు రాసేవారిలో నేనూ ఒకరిని అన్న ఇబ్బందితోనే ఈ జవాబు రాస్తున్నాను.

పథకం 2013 ఫిబ్రవరిలో మొదలైంది. పుట్టుక నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాల కొరత, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం అనే నాలుగు తరగతుల కింద 30 రకాల సమస్యలను ముందే గుర్తించడం దీని ఉద్దేశం. అప్పుడే పుట్టిన శిశువులను ప్రసవం జరిగిన చోట సిబ్బంది, ఇంటి దగ్గర ఆశా కార్యకర్తలు చూస్తారు. ఆరు వారాల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలను మేము అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, ఆ పైవారిని ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఒకసారి చూడాలి. బృందంలో ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు ఉండాలన్నది మార్గదర్శకాల్లో ఉన్న లెక్క. మా బండిలో కొంతకాలంగా ఇద్దరమే తిరుగుతున్నాం.

మేము పరీక్షించిన ప్రతి బిడ్డ వివరమూ మా ఫోన్‌లోకి, అక్కడినుంచి పై అధికారులకు వెళ్తుంది. బడికి మాత్రం వెళ్లదు. ఎంతమందిని చూశామన్నది మమ్మల్ని ప్రతి సమావేశంలోనూ అడుగుతారు. పంపినవారిలో ఎంతమంది ఆసుపత్రి మెట్లు ఎక్కారన్నది అప్పుడప్పుడు అడుగుతారు. చెవి నయమైందా అని అడిగినవారిని నేను ఇంతవరకూ చూడలేదు.

మరో మాట కూడా చెప్పాలి. మేము వచ్చిన రోజున బడికి రాని పిల్లలు మా లెక్కలోకి రారు. తరచూ జబ్బుపడే బిడ్డ, మూర్ఛలు వచ్చే బిడ్డ, నడవలేని బిడ్డ సాధారణంగా ఆ రాని వారిలోనే ఉంటారు. హాజరు పట్టీ చూసి, ఫలానా నలుగురు వారం రోజులుగా రావడం లేదు అని ఉపాధ్యాయులు చెబితే తప్ప వారు ఉన్నారని కూడా మాకు తెలియదు.


గోదారి గట్టు
జులై 5, ఉదయం 6:50

నేను ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖలో హెల్త్ సూపర్‌వైజరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మన దేశంలో బడిపిల్లలకు వైద్య పరీక్షలు 1909లో బరోడాలో మొదలయ్యాయని మాకు శిక్షణలో చెప్పేవారు. అంటే పిల్లలను వరుసలో నిలబెట్టడం మనకు నూరేళ్లకు పైగా చేతనవును. ఆ తర్వాతి సంగతే ఇంకా పట్టుబడలేదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2010 నవంబరు 14న జవహర్ బాల ఆరోగ్య రక్ష మొదలైనప్పుడు నేను ఉద్యోగంలోనే ఉన్నాను. అప్పుడు ప్రతి విద్యార్థికీ ఒక ఆరోగ్య రికార్డు పుస్తకం ఇచ్చారు. అది బడి బీరువాలో ఉండేది. వైద్యుడు దాంట్లోనే రాసేవాడు, తరగతి ఉపాధ్యాయుడు దాన్నే చూసేవాడు. లోపాలు లేవని అనను. చాలా బడుల్లో పుస్తకాలు ఖాళీగా ఉండిపోయాయి, కొన్నిచోట్ల చెదలు తిన్నాయి. అయినా పోయిన ఏడాది ఈ బిడ్డకు ఏం రాశారు అన్న ప్రశ్నకు జవాబు బడిలోనే దొరికేది. ఇప్పుడు సమాచారం అంతకంటే ఎక్కువే ఉంది, కానీ ఆ బిడ్డను రోజూ చూసే మనిషికి అందుబాటులో లేదు.

పాఠశాల ఆరోగ్య సేవలు అంటే కూడా ఒక్కటి కాదు. నులిపురుగుల మాత్ర ఒక శాఖ క్యాలెండరులో, వారంవారం ఇచ్చే ఐరన్ మాత్ర మరో క్యాలెండరులో, కళ్ల పరీక్ష ఇంకో పథకంలో ఉంటాయి. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా తయారుచేయాలన్నారు. వారికి 11 అంశాల మీద పాఠాలు చెప్పే శిక్షణ ఇచ్చారు. మంచిదే. కానీ ఆ ఇద్దరి చేతికి తమ బడిలో చీటీలు అందుకున్న పిల్లల జాబితా ఇచ్చిన చోటు నాకు కనబడలేదు.


పత్తిచేను
జులై 5, మధ్యాహ్నం 1:20

నేను ఉపాధ్యాయుడిని కాను, ఇద్దరు పిల్లల తండ్రిని. అమ్మ పత్తి ఏరడం అయ్యాక అన్నది అన్న వాక్యం చదివి రాయాలనిపించింది.

మా బాబుకు కళ్లకు చీటీ ఇచ్చినప్పుడు జిల్లా ఆసుపత్రికి మూడుసార్లు వెళ్లాం. మొదటిసారి వెళ్లిన రోజు కంటి డాక్టరు శిబిరానికి వెళ్లారు. రెండోసారి పరీక్ష చేసి, అద్దాలు తరువాత వస్తాయన్నారు. మూడోసారి అద్దాలు తెచ్చుకున్నాం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవారికి ఆర్టీసీ బస్సులో టికెట్ లేదు కాబట్టి నా భార్యకు చార్జీ పడలేదు, బాబుకు పన్నెండు దాటాయి కనుక పూర్తి టికెట్. చార్జీ అయినా పెద్ద సంగతి కాదు. మూడు రోజుల కూలి పోయింది, అదీ కలుపుతీత రోజుల్లో. ఏ వారం ఏ డాక్టరు ఉంటారో ఆ చీటీ మీద ఒక ముక్క రాసి ఉంటే మాకు ఒక రోజు మిగిలేది.

తల్లిదండ్రులకు అవగాహన లేదని సమావేశాల్లో అంటారు. చెవిలో చీము మంచిది కాదని తెలియని తల్లి ఉండదు. ఎప్పుడు, ఎక్కడికి, ఎవరి దగ్గరికి వెళ్లాలో, వెళ్తే పని అవుతుందో లేదో తెలియదు.


నీలిపలక
జులై 5, రాత్రి 8:15

నేను భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయురాలిని (ఐఈఆర్పీ). మాస్టారు గారు చెప్పిన ఏడాది ఖాళీ కంటే పెద్ద ఖాళీ ఒకటి ఉంది. అది అంగన్‌వాడీకి, ఒకటో తరగతికి మధ్య ఉంది.

మూడేళ్ల వయసులో మాటలు ఆలస్యమవుతున్నాయని గుర్తించిన బిడ్డను జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపిస్తారు. అక్కడ పిల్లల వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, మాట నేర్పేవారు, మానసిక నిపుణులు ఒకేచోట ఉండాలని ఏర్పాటు. కొందరు తల్లులు నిజంగానే నెలల తరబడి తిరుగుతారు. బిడ్డకు ఆరేళ్లు రాగానే బడిలో చేరుస్తారు. అంగన్‌వాడీ టీచరుకు తెలిసినదంతా అక్కడే ఆగిపోతుంది. ఒకటో తరగతి ఉపాధ్యాయుడు చూసేది మాట్లాడని, కుదురుగా కూర్చోని కొత్త పిల్లవాడిని. అతడు నా దగ్గరికి పంపుతాడు, నేను మళ్లీ మొదటినుంచి పరీక్షించి నా ఫారంలో నింపుతాను. తరువాత వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరంలో మూడో పరీక్ష. ఒకే బిడ్డ గురించి మూడు శాఖల దగ్గర మూడు కాగితాలు ఉంటాయి, ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు.

పోయిన ఏడాది ఒక తల్లి నా ముందు ప్లాస్టిక్ సంచి బోర్లించింది. అందులో ఆసుపత్రి చీటీలు, వినికిడి పరీక్ష గ్రాఫులు, టీకాల కార్డు, అన్నీ తేదీల వారీగా రబ్బరు బ్యాండుతో కట్టి ఉన్నాయి. ఆమెకు చదువు రాదు. తేదీల వారీగా ఎలా పెట్టావమ్మా అంటే, ఏది ముందు ఇచ్చారో గుర్తుంది కదా అని అన్నది. వ్యవస్థ చేయవలసిన పని ఆ రబ్బరు బ్యాండు చేస్తోంది.


బాలవైద్యం
జులై 6, ఉదయం 7:30

పిల్లల వైద్యుడిగా ఒక విషయం స్పష్టం చేయాలనుకుంటున్నాను. ఇక్కడ అందరూ జిల్లా ఆసుపత్రి గురించే మాట్లాడుతున్నారు. గుర్తించిన సమస్యల్లో అధిక భాగానికి అంత దూరం పోనవసరం లేదు. గజ్జి, నులిపురుగులు, మామూలు రక్తహీనత ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తీరేవే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం అని తేలింది. ఇంతమందిని ఏ పెద్ద ఆసుపత్రికి పంపుతాం? బడిలో ఐదు నుంచి తొమ్మిదేళ్ల వారికి గులాబీ రంగు ఐరన్ మాత్ర, పది దాటినవారికి నీలం రంగుది వారానికొకటి, అన్నం తిన్నాక, ఉపాధ్యాయుడి కళ్లముందు మింగించాలి. పరగడుపున ఇస్తే వికారం వస్తుంది, ఆ ఒక్క అనుభవంతో బిడ్డ మళ్లీ మాత్ర ముట్టదు. ఆ తర్వాత పిల్లల జేబుల్లో, కిటికీ బయట మాత్రలు దొరుకుతాయి.

ఆలస్యం చేయకూడనివి కొన్ని ఉన్నాయి. మెల్లకన్ను, ఒక కంటికే చూపు మందగించడం వంటివి ఏడెనిమిదేళ్ల లోపు సరిచేయకపోతే ఆ తర్వాత అద్దాలు పెట్టినా ఫలితం బాగా తగ్గుతుంది. అంటే ఒకటో తరగతిలో రాసిన చీటీ మూడో తరగతి దాకా పెట్టెలో ఉంటే మనం పోగొట్టింది ఒక కన్ను.

బడి పాత్ర ఎంత ఉందో తెలియడానికి కీళ్లవాతం వల్ల వచ్చే గుండె జబ్బును చూడండి. గుండెలో శబ్దం విని బృందం పంపుతుంది, ఎకో పరీక్షలో కవాటం దెబ్బతిన్నదని తేలుతుంది. అక్కడి నుంచి చికిత్స ఏమిటంటే మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్, ఏళ్ల తరబడి. ఇంజెక్షన్ ఇచ్చేది ఆరోగ్య కేంద్రం. ఇరవై ఒక్క రోజులైంది, ఈరోజు నీ సూది రోజు అని గుర్తుచేయగలిగినది బడి ఒక్కటే. సూదులు ఆగిపోతే మాకు ఆ బిడ్డ రెండేళ్ల తర్వాత ఆయాసంతో తిరిగి కనిపిస్తుంది.

నల్లరేగడి మాస్టారు గారూ, చీము కారే చెవి విషయంలో మీరు ఈరోజే చేయగలిగినవి రెండున్నాయి. ఎడమ చెవి మీవైపు ఉండేలా ముందు బెంచీలో కూర్చోబెట్టండి. చెవిలోకి నీళ్లు, నూనె పోనివ్వవద్దని ఇంటికి కబురు చేయండి, వెచ్చని నూనె చుక్కలు వేసే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది.


సుద్దముక్క
జులై 6, సాయంత్రం 6:05

అందరూ మెల్లగా ఈ భారాన్ని ఎవరి బల్లమీద పెడుతున్నారో నాకు కనబడుతోంది. నేను ప్రాథమిక పాఠశాలలో ఉన్న ఇద్దరు ఉపాధ్యాయుల్లో ఒకడిని. ముఖ హాజరు, భోజనం లెక్క, గుడ్ల లెక్క, పుస్తకాల పంపిణీ, ఒక్కోదానికి ఒక్కో యాప్. ఇప్పుడు పెన్సిలిన్ రోజులు కూడా మేమే లెక్కపెట్టాలంటే ఐదు తరగతులకు పాఠం ఎప్పుడు చెప్పాలి?

గోప్యత మాట ఎవరూ ఎత్తలేదు. ఫలానా అమ్మాయికి మూర్ఛ అని, ఫలానా వాడు పక్క తడుపుతాడని రిజిస్టరులో రాసి బీరువాలో పెడితే, దాన్ని నలుగురు చూస్తారు. ఏజెన్సీ ప్రాంతాల్లో 2023 నుంచి వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు సికిల్‌సెల్ పరీక్షలు పెద్ద ఎత్తున జరుగుతున్నాయి. జబ్బు లేకుండా కేవలం ఆ లక్షణాన్ని మోసే అమ్మాయి పేరు బడి జాబితా నుంచి బయటికి పొక్కితే పదేళ్ల తర్వాత ఆమె పెళ్లి సంబంధం దగ్గర ఆ మాట వస్తుంది. కలపడం మంచిదే కానీ ఎంత కలపాలో కూడా ఆలోచించాలి కదా.


లీడ్స్ తెలుగు
జులై 6, రాత్రి 11:40

సుద్దముక్క గారి మాటకు ఒక ఉదాహరణ చేరుస్తాను. మా పిల్లలు ఇంగ్లండులో చదువుతున్నారు. ఇక్కడ బడిలో చేరిన మొదటి ఏడాదిలోనూ, ప్రాథమిక విద్య చివరి ఏడాదిలోనూ పిల్లల ఎత్తు, బరువు కొలుస్తారు. ముందుగా ఇంటికి ఉత్తరం వస్తుంది, వద్దనుకుంటే వద్దని రాయవచ్చు. ఫలితం నేరుగా తల్లిదండ్రులకు వస్తుంది, ఏ బిడ్డ బరువు ఎంతో బడికి చెప్పరు. పాఠశాల నర్సు ఉంటారు కానీ ఒక్కో నర్సు అనేక బడులు చూసుకోవాలి, కాబట్టి ఇక్కడ అంతా సవ్యంగా ఉందని అనుకోవద్దు. మా అమ్మాయి బరువు గురించి వచ్చిన ఉత్తరం చదివి మేము రెండు రోజులు బాధపడ్డామే తప్ప, తరువాత ఎవరూ పలకరించలేదు.


మందుల పెట్టె
జులై 7, ఉదయం 6:30

సుద్దముక్క గారి రెండు అభ్యంతరాలూ న్యాయమైనవే, అయితే వాటికి ఒకే జవాబు ఉందని నాకు తోస్తోంది. బడికి రోగం పేరు అక్కర్లేదు, చేయవలసిన పని తెలిస్తే చాలు. ముందు బెంచీ, అన్నం తిన్నాక మాత్ర, ఆటల పీరియడులో పరుగు వద్దు, ఫలానా తేదీన ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి, అంతే. ఎందుకన్నది మా దగ్గర, ఏఎన్ఎం దగ్గర ఉంటుంది. అప్పుడు ఉపాధ్యాయుడు కొత్త యాప్ తెరవనవసరం లేదు, ఒక బడికి ఏడాదికి ఒకటి రెండు పేజీలకు మించదు.

గురుకులాల్లో ఇది కొంత మెరుగ్గా సాగడం నేను చూశాను. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. అక్కడ స్టాఫ్‌నర్సు ఉంటారు, చీటీ ఆమె చేతికి ఇస్తాను, నెల తర్వాత ఫోన్ చేస్తే ఆమే ఎత్తుతారు. పగటి బడిలో నేను ఎవరికి ఫోన్ చేయాలి? ప్రైవేటు బడుల పిల్లలనైతే మేము చూడనే చూడం, పథకంలో వారు లేరు. ఆటోల్లో కిక్కిరిసి వెళ్లే ఆ పిల్లలందరూ ఉన్నవాళ్ల బిడ్డలేమీ కారు.


నల్లరేగడి మాస్టారు
జులై 19, రాత్రి 9:30

ఇన్ని రోజులు రాయకపోవడానికి కారణం, రాయడానికి ఏదైనా జరగాలని ఆగాను.

మందుల పెట్టె గారి సలహా పట్టుకుని మా మండల బృందం వైద్యుడిని అడిగితే, గత రెండేళ్లలో మా బడి నుంచి పంపినవారి పేర్లు తన ఫోన్‌లో చూసి రాయించారు, రోగాల పేర్లు లేకుండా. ఇరవై ముగ్గురు తేలారు. సుద్దముక్క గారూ, దానికి నాకు పట్టిన సమయం ఒక మధ్యాహ్నం విరామం. ఆ జాబితాలో ఎవరు ఎక్కడిదాకా వెళ్లారో పిల్లలనే ఒక్కొక్కరిగా గదిలోకి పిలిచి అడిగాను. తొమ్మిది మంది వెళ్లి చూపించుకున్నారు. ఇద్దరికి అద్దాలు వచ్చాయి కానీ పెట్టుకోవడం లేదు. ఒకమ్మాయి పెట్టుకోకపోవడానికి కారణం అడిగితే, ఫ్రేము మగపిల్లలది అన్నది. చెవుల వైద్యుడు, కంటి వైద్యుడు ఏ వారాల్లో ఉంటారో ఏఎన్ఎం గారు కనుక్కుని చెప్పారు. దాన్ని పత్తిచేను గారి పేరు తలుచుకుని నోటీసు బోర్డులో పెట్టాను.

ఆ ఎనిమిదో తరగతి పిల్లవాడిని వాళ్ల అమ్మ మొన్న మంగళవారం తీసుకువెళ్లింది. కర్ణభేరికి రంధ్రం ఉందన్నారు. చుక్కల మందు ఇచ్చి, మూడు వారాలు తడి తగలకూడదని, ఆ తర్వాత వినికిడి పరీక్ష చేసి ఆపరేషన్ సంగతి చూస్తామని చెప్పారట. ఇప్పుడు మొదటి బెంచీలో కిటికీ పక్కన కూర్చుంటున్నాడు. లెక్కల మాస్టారు నిన్న నా దగ్గరికి వచ్చి ఏమీ అనకుండా కాసేపు నిలబడి వెళ్లారు.

ఒక చిక్కు మిగిలింది. ఆ ఇరవై ముగ్గురిలో ముగ్గురు మా బడిలో లేరు. తల్లిదండ్రులు పనికోసం హైదరాబాదు వెళ్లిపోతూ జూన్‌లోనే టీసీలు తీసుకున్నారు. అందులో ఒకమ్మాయిది గుండె పరీక్షకు రాసిన చీటీ. ఈ సంగతి ఎవరికి చెప్పాలి?


నీలిపలక
జులై 19, రాత్రి 10:05

మాస్టారు గారూ, టీసీతో పాటు ఏ బడిలో చేరారో మీ ఆన్‌లైన్ రికార్డులో కనిపిస్తుంది. ఆ ప్రధానోపాధ్యాయుడికి రేపు ఫోన్ చేయండి. ఇంకా ఎక్కడా చేరకపోతే మాత్రం ఆ అమ్మాయి చదువు కూడా ఆగిందని అర్థం, తల్లి ఫోన్ నంబరు అడ్మిషన్ రిజిస్టరులో ఉంటుంది కదా, ముందు దానికి చేయండి.


నల్లరేగడి మాస్టారు
జులై 20, ఉదయం 11:15

చేశాను. నంబరు పనిచేయడం లేదు. ఊళ్లో వాళ్ల మేనమామ ఉన్నాడట, సాయంత్రం బడి వదిలాక వెళ్తాను.